కర్తల పేర్లు దాఁటవేయు మీట

సంస్కృత నాటకమున సూత్రధారుఁడు ప్రస్తావనయందే కవి పేరు చెప్పును. మన ప్రబంధకవులు అవతారికలోఁ జెప్పుకొన్నది చాలక ఆశ్వాసాంతగద్యములో మరలఁ జెప్పుకొనిరి. అది యాత్మస్తుతి యని నవ్వువారు కలరు. నాకు హక్కుపత్రముగాఁ దోఁచును.

టెలివిజన్ ధారావాహికలకుఁ బ్రారంభగీతమే యవతారిక. 1988లో దూరదర్శన్‌లో మొదలైన 'మహాభారత్'లోఁ బాట ముగియఁగానే కాలమే కథకుఁడై పలికెను. 2001లో వచ్చిన 'అమృతం' పాటను సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసిరి. ఆ పాట వినఁబడఁగానే మా యింటివారు గరిటె విడిచి వచ్చెడివారు. పాటతోఁబాటు పనివారి పేర్లును తెరపైఁ గనఁబడెడివి.

2017లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ప్రారంభమును దాఁటవేయు మీట నిచ్చెను. మా దూలపల్లి యింటఁ బిల్లలు దానిని నొక్కుటలో మహానేర్పరులు. పాట విసుగు పుట్టించు నందురు. నిజమే, వారమున కొక భాగము చూచునపుడు పాట పిలుపు, ఒక్క రాత్రి యాఱు భాగములు చూచునపుడు శిక్ష. అయినను పాటతోఁబాటు పేర్లనుగూడఁ బాఱవేయుట యేమి న్యాయము? చివరఁ జూపుచున్నాము గదా యందురేమో! ఆ చివర రాకమునుపే తరువాతి భాగము తనంతఁ దానే మొదలగుచున్నది. పరభాషాకథకుఁ దెలుఁగు మాటలు వ్రాసినవా రెవరో యెవరికిఁ దెలియును? పేరు తెలిసిననే గదా రేపు మఱియొకరు పిలిచి పని యిచ్చుట!

పాటను దాఁటనిండు, అయిదు క్షణములు పేర్లను మాత్రము దాఁటనీయకుఁడని యా సంస్థలను మన మడుగవలెను. అంతవఱకు మా యింట నే కథకైనను మొదటి భాగమున మీట ముట్టరాదని నియమము పెట్టితిని. పిల్లలు గొణుగుచున్నారు, గొణుగనిండు.