శీతల గిడ్డంగులలో పాత యంత్రాలు: మార్చే ముందు కొలవాలి

వేసవి ముగిసే లోపు గుంటూరు యార్డుకు మిర్చి వెల్లువలా చేరుతుంది. ధర గిట్టుబాటు కానప్పుడు రైతు తన టిక్కీలను శీతల గిడ్డంగిలో నిల్వ చేసి, అవసరమైతే ఆ సరుకుపైనే అప్పు తీసుకొని, మంచి ధర కోసం ఎదురుచూస్తాడు. కాయ రంగు నిలిచినంత కాలమే ఆ నిరీక్షణకు విలువ. రంగు వెలిస్తే ధర తగ్గుతుంది. అప్పుపై వడ్డీ మాత్రం తగ్గదు. అందువల్ల గిడ్డంగిలోని యంత్రం పనితీరు యజమానికే కాక రైతుకూ సంబంధించిన విషయం.

యంత్రాలు పాతబడి విద్యుత్ బిల్లు పెరిగినప్పుడు యజమాని ముందు ఒకే ప్రశ్న నిలుస్తుంది: ఉన్నదానిని మెరుగుపరచాలా, కొత్తది కొనాలా? యంత్రం వయసు ఒక్కటే దీనికి సమాధానం కాజాలదు.

అధిక విద్యుత్ వాడకానికి కారణం కంప్రెసర్ వెలుపల కూడా ఉండవచ్చు. కండెన్సర్ గొట్టాలపై పేరుకున్న సున్నపు పొర, వ్యవస్థలో చేరిన గాలి, తేమ పీల్చిన థర్మోకోల్, సరిగా మూసుకోని తలుపులు యంత్రంపై భారాన్ని పెంచుతాయి. కండెన్సింగ్ ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ పెరిగితే విద్యుత్ వాడకం సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. ఈ లోపాలను సరిదిద్దకుండా కొత్త కంప్రెసర్ బిగించడం చిల్లి కుండలో నీరు పోయడమే.

అయితే మార్పిడి తప్పనిసరైన సందర్భాలూ ఉన్నాయి. అమ్మోనియా ఓజోన్ పొరకు హాని చేయదు, భూతాపాన్ని పెంచదు. కానీ అది విషవాయువు. తుప్పుతో గోడ పలచబడిన పాత్రలను, గొట్టాలను అతుకులతో నెట్టుకురావడం కార్మికుల ప్రాణాలతో చెలగాటమాడటమే. అక్కడ ఖర్చు లెక్కకు తావులేదు. ఇక ఆర్-22 వాయువుతో నడిచే శీతల గదులపై భారీగా మరమ్మతు ఖర్చు పెట్టడం దూరదృష్టి అనిపించుకోదు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి భారతదేశంలో ఆ వాయువు వినియోగం దాదాపు ముగియవలసి ఉంది.

మిగిలిన సందర్భాలలో నిర్ణయానికి కొలతలే ఆధారం కావాలి. గదులు నిండి, ఎండ తీవ్రంగా ఉండే ఏప్రిల్, మే నెలలలో రోజువారీ యూనిట్లు, యంత్రం నడిచిన గంటలు, గది ఉష్ణోగ్రత నమోదు చేయాలి. టన్ను సరుకుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో లెక్కించాలి. ముందుగా చిన్న లోపాలను సవరించి, మళ్లీ కొలవాలి. అప్పటికీ భారం తగ్గకపోతే, మరమ్మతులతో పాటు రాబోయే 10 సంవత్సరాల విద్యుత్ ఖర్చును కొత్త యంత్రం ఖర్చుతో పోల్చాలి. ఏ పని చేపట్టినా కొత్త పంట రాకముందే, సరుకు తక్కువగా ఉన్నప్పుడే పూర్తి చేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తల సలహా కళ్లంతో ముగియరాదు. గిడ్డంగిని ఎంచుకునేటప్పుడు ఉష్ణోగ్రత రిజిస్టరు చూపమని అడగడం రైతుకు నేర్పాలి. విద్యార్థులు ఈ కొలతలను తమ అధ్యయనాంశంగా స్వీకరించవచ్చు. యంత్రం యజమానిది, అది కాపాడే సరుకు రైతుది. లెక్క ఇద్దరికీ తెలియాలి.