రెండో శనివారం, నాలుగో శనివారం

ఉత్తరం రాయడం మన ఆడవాళ్లకు కొత్త విద్యేమీ కాదు. ‘ఉభయకుశలోపరి’తో మొదలుపెట్టి, ఇన్‌లాండ్ కవరు మడతల మీద కూడా ఖాళీ వదలకుండా, ఊరగాయలు పెట్టడం దగ్గర్నుంచి ఆడపడుచు పెళ్లిచూపుల దాకా అన్నీ రాసేసిన వాళ్లమే. ఫోన్లు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో శుభోదయం పువ్వులు పంపుకుంటున్నాం గానీ, మనసులో మాట నాలుగు పేరాలు రాసుకోవడం మానేశాం.

ఆ లోటు తీర్చుకుందామనే ఆరు నెలల క్రితం నేను ఈ-మెయిల్‌లో ఒక ‘న్యూస్‌లెటర్’ మొదలుపెట్టాను. పేరు విని కంగారుపడకండి. అందులో వార్తలేమీ ఉండవు. ఒక్క ఉత్తరం రాసి, కావాలని అడిగిన వాళ్లందరికీ ఒకేసారి పంపడం, అంతే. ఇక చాలనుకున్న వాళ్లు ఉత్తరం అడుగున ఉన్న మాట నొక్కి తప్పుకోవచ్చు. నెలకు రెండు ఉత్తరాలు. రెండో శనివారం ఒకటి, నాలుగో శనివారం ఒకటి. ఆ రెండు రోజులూ బ్యాంకులకు సెలవు. బ్యాంకులో రిటైరైన మావారికి ఆ తేదీలు నిద్రలో కూడా గుర్తే కాబట్టి, నాకు గుర్తుచేసే మనిషి ఇంట్లోనే ఉన్నారు!

మొదటి ఉత్తరం 34 మందికి వెళ్లింది. అందరూ చుట్టాలూ, స్నేహితురాళ్లూ, పాత ఇంటి ఇరుగుపొరుగు వాళ్లూను. తర్వాత 41 మంది చేరారు, ఆరుగురు తప్పుకున్నారు. వెరసి 69 మంది. “అమ్మా, అదే ఫేస్‌బుక్‌లో పెడితే వందలమంది చూస్తారుగా” అంటుంది మా అమ్మాయి. చూస్తారేమో. కానీ అక్కడ నా మాట ఎవరి కంట పడాలో ఆ కంపెనీ నిర్ణయిస్తుంది. ఉత్తరమైతే అడిగిన మనిషి గుమ్మంలోకే వెళుతుంది.

మావారి ప్రశ్న వేరు. “దీనివల్ల ఏమైనా వస్తుందా?” అన్నారు. వచ్చే మార్గం లేకపోలేదు. 2017లో మొదలైన సబ్‌స్టాక్ లాంటి సంస్థల ద్వారా పాఠకుల దగ్గర చందా తీసుకోవచ్చు. ఆ చందాలో నూటికి పది రూపాయలు సంస్థకు పోతాయి. నేను మాత్రం వద్దనుకున్నాను. చందా తీసుకుంటే జ్వరమొచ్చినా బాకీ తీర్చినట్టు రాయాలి. ఇంట్లో అలాంటి పనులు మనకి తక్కువా చెప్పండి? ఇదొక్కటైనా నాకోసం నేను చేసుకునే పనిగా ఉండనీయండి.

అలాగని ఇష్టమొచ్చినప్పుడు రాస్తే కుదరదు. తేదీ తప్పకుండా రాయడంలోనే ఉంది కిటుకు. మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికను దశాబ్దాల తరబడి నడిపారు. ఎందరో ఇల్లాళ్లు ఆ పేజీకి ఉత్తరాలు రాసి తమ సందేహాలు అడిగేవారు. ఫలానా రోజున పత్రిక వస్తుంది, అందులో ఆవిడ జవాబు ఉంటుంది అన్న భరోసా లేకపోతే అన్ని ఉత్తరాలు వచ్చేవా? నా 69 మంది ముందు ఆ లెక్క ఎక్కడ, ఇదెక్కడ! కానీ సూత్రం ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నేను రాసుకునే వేళ అని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఆ రెండు గంటలూ టీ ఎవరిది వాళ్లే పెట్టుకుంటారు. నన్నడిగితే ఈ ఆరు నెలల్లో నాకు మిగిలిన మొదటి లాభం అదే.

ఇక లెక్కల సంగతి. ఎంతమంది ఉత్తరం తెరిచారో ఒక పేజీలో కనిపిస్తుంది. ఉత్తరంలో కంటికి కనబడని చిన్న బొమ్మ ఒకటి దాస్తారు. అవతలివాళ్లు ఉత్తరం తెరవగానే ఆ బొమ్మ వెళుతుంది. దాన్నిబట్టి లెక్క కడతారు. కానీ 2021లో యాపిల్ సంస్థ తన మెయిల్‌లో ఒక కొత్త ఏర్పాటు తెచ్చింది. దానికి ఒప్పుకున్న వాళ్లకు వచ్చే ఉత్తరాల్లోని బొమ్మల్ని, వాళ్లు తెరవకముందే ఆ సంస్థే తెప్పించి పెడుతుంది. దాంతో చదవని వాళ్లు కూడా చదివినట్టు లెక్కలోకి వస్తారు. బొమ్మలు కనిపించకుండా పెట్టుకున్న వాళ్లు పూర్తిగా చదివినా లెక్కలోకి రారు. కాబట్టి ఆ అంకెను పంచాంగంలో వర్షం జోస్యంలా చూడాలి తప్ప, పాసుబుక్కులో నిల్వలా కాదు.

నా అయిదో ఉత్తరం సంగతే చూడండి. మా అత్తయ్యగారు పక్షవాతంతో నాలుగేళ్లు మంచాన ఉన్నారు. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఆవిడ పోయి నెలలు గడిచినా, అర్ధరాత్రి ఆ వేళకి నాకు మెలకువ వచ్చేస్తూనే ఉండేది. లేచి కూర్చుంటే చేతులకి పని ఉండేది కాదు. దాని గురించే రాశాను. ఉపదేశం లేదు, చిట్కా లేదు. లెక్కల పేజీ చూస్తే 52 మందిలో తెరిచింది 19 మంది. అంత తక్కువమంది తెరిచిన ఉత్తరం మరొకటి లేదు.

తర్వాతి రెండు వారాల్లో మూడు జవాబులొచ్చాయి. మూడూ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లను చూసుకుంటున్న వాళ్ల దగ్గర్నుంచే. ఒకావిడ రాత్రి రెండింటికి, మామగారి పక్క మార్చి వచ్చి చదివారట. ఆ విసుగూ, విసుక్కున్నందుకు బాధా ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదని రాశారు. ముగ్గురికీ గడప దాటి వచ్చే వీల్లేదు. ఫోన్‌లో మాట్లాడదామంటే పక్కగదిలో వినబడుతుంది. ఉత్తరానికి చప్పుడుండదు కదా! వాళ్లలో ఇద్దరి అనుమతీ అడిగి, ఒకరి నంబరు ఒకరికిచ్చాను. ఇప్పుడు మేడ మీద బట్టలు ఆరేసే వేళ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఈ సంగతి ఇక్కడ రాయొచ్చా అని కూడా వాళ్లని అడిగాకే రాస్తున్నాను. తెరిచింది 19 మందే కావచ్చు, ఆ ముగ్గురికి ఆ ఉత్తరం అవసరమైంది. దాన్ని ఏ లెక్కల పేజీ చూపిస్తుంది?

అన్నీ ఇంత బరువైనవే అనుకునేరు! ఎక్కువ జవాబులు వచ్చింది గిద్దె, సోల, తవ్వ, మానికల ఉత్తరానికి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా అమ్మ చెప్పిన లెక్క రాసి, మీ ఇంట్లో బియ్యం దేనితో కొలుస్తారని అడిగాను. ఒకరు సేరు అన్నారు. ఒకరు రైస్ కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్ కప్పు అన్నారు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కూతురు వాళ్ల అమ్మమ్మ సోలను పెన్నులు పెట్టుకోవడానికి వాడుతోందట. దాన్ని వంటింట్లోకి మార్చానని ఫొటో పంపింది. ప్రశ్న అడిగితే జవాబొస్తుంది. పాఠం చెబితే “బాగుంది” అని ఊరుకుంటారు.

ఇంకొక్క మాట. మన ఉత్తరంలో మనమొక్కళ్లమే ఉండం. మొగుడూ పిల్లలూ, కోడళ్లూ అంతా ఉంటారు. పేరు తీసేస్తే సరిపోతుందనుకోకండి. ‘మా పెద్దకోడలు’ అంటే బంధువుల్లో తెలియనిదెవరికి? అందుకే ఎవరి గురించి రాస్తే వాళ్లకి ముందు చదివి వినిపిస్తాను. వద్దంటే కొట్టేస్తాను. ఒకసారి మా కోడలు రెండు పేరాలు తీసేయమంది. తీసేశాను. ఉత్తరం పొట్టిదైంది, ఇంట్లో మాట పొడుగవలేదు.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. పాతిక ముప్ఫై మందైతే మామూలు జీమెయిల్ చాలు. కానీ అందరి చిరునామాలూ ‘బీసీసీ’ గడిలోనే వేయండి. లేకపోతే ఒకరి చిరునామా మిగతా అందరికీ తెలిసిపోతుంది. అడగని వాళ్లని చేర్చకండి. తప్పుకున్న వాళ్లని ఎందుకని నిలదీయకండి. అన్నింటికన్నా ముఖ్యం, చిరునామాల పట్టిక, రాసిన ఉత్తరాల నకళ్లు మీ దగ్గర విడిగా దాచుకోండి. టైనీలెటర్ అని, ఇలాంటి చిన్న ఉత్తరాల కోసమే 2010లో వచ్చిన సేవ ఒకటుండేది. మరుసటి ఏడాది దాన్ని మెయిల్‌చింప్ కొనుక్కుంది. 2024 ఫిబ్రవరి 29న మూసేసింది. అద్దింట్లో ఉన్నా పత్రాలు మన బీరువాలోనే ఉండాలి.

నెలకో ఉత్తరమైనా సరే, పది మందికైనా సరే. ముందు తేదీ అనుకోండి, ఆ వేళకి వంటింటి పని ఎవరు చూస్తారో ఇంట్లో చెప్పేయండి. ఏం రాయాలా అన్న బెంగ అక్కర్లేదు. ఎవరికి రాస్తున్నామో తెలిస్తే మాటలు వాటంతటవే వస్తాయి. ఏమంటారు?