దేవదాసు గ్లాసులో ఏముంది?

ఈ పేజీ చదివే అలవాటున్నవారికి మన పద్ధతి తెలిసిందే. వారానికొక సినీమా, అందులో ఒక జబ్బు, ఆ జబ్బు గురించి డాక్టర్లు చెప్పే అసలు సంగతి, చివర కథకు తగిన పానీయం. పానీయమంటే ఇంటిల్లిపాదీ కూర్చుని తాగేదే సుమండీ! పెద్ద హోటళ్లలో కాక్‌టెయిలు అని నాలుగు సీసాల సరుకు కలిపి ఇస్తారే, దాని ఊసు మనకు వద్దు. ఎందుకు వద్దో ఈ వారం కథే చెబుతుంది.

ఈ వారం సినీమా 'దేవదాసు'. 1953లో వినోదా పిక్చర్స్‌వారు తీశారు, దర్శకుడు వేదాంతం రాఘవయ్యగారు. మా కొల్లేటికి అవతలి పక్క, గుడివాడ ప్రాంతపు రామాపురంలో పుట్టిన అక్కినేనివారు అప్పటికి ముప్పయ్యేళ్లు నిండనివారు. ఆ ఒక్క వేషంతో 'దేవదాసు' అన్న పేరు తెలుగునాట మామూలు మాటగా మారిపోయింది. గడ్డం పెంచి దిగులుగా తిరిగే కుర్రవాణ్ణి చూస్తే ఇప్పటికీ ఆ పేరే పెడతాం.

తరగతిలో శరత్‌బాబు నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఏదో ఒక బెంచీనుంచి ఒక ప్రశ్న రాక మానదు: "మేష్టారూ, ఇంతకీ దేవదాసు ఏ జబ్బుతో పోయాడండీ?" సగంమంది క్షయ అంటారు. మిగతా సగం, ముఖ్యంగా వెనక బెంచీలవారు, ప్రేమ అంటారు. రెండూ కావు. 1917లో వెలువడిన ఆ వంగ నవల శ్రద్ధగా చదివితే జవాబు అందులోనే దొరుకుతుంది. తాగి తాగి కాలేయం చెడింది. మన సినీమాలు దగ్గునూ, నోట రక్తాన్నీ, విరహాన్నీ ఒకే గుడ్డలో మూట కట్టడంవల్ల ఈ తికమక వచ్చింది.

క్షయకు మందు లేదన్న మాట 1953 నాటికే పాతబడింది. స్ట్రెప్టోమైసిన్ 1940లలోనే వచ్చింది. ఐసోనయాజిడ్ అనే బిళ్ల 1952లో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు మనవాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియానికి వెళ్లి, మంచి గాలిమీదా విశ్రాంతిమీదా భారం వేసి, నెలల తరబడి పడుకునేవారు. ఇవాళ మామూలు క్షయ ఆరు నెలలు మానకుండా మందులు మింగితే నయమవుతుంది. సర్కారు ఆసుపత్రిలో ఆ మందులు ఉచితం. అంచేత ప్రేమ విఫలమైన కథానాయకుణ్ణి క్షయతో చంపాలనుకునే రచయిత ఇక వేరే దారి చూసుకోవలసిందే.

మరి తాగితే నోట రక్తమెందుకు వస్తుంది? డెల్టా ప్రాంతంవారికి ఇది చెప్పడం సులువు. కడుపులోంచీ పేగుల్లోంచీ వచ్చే రక్తమంతా ఒక పెద్ద కాలవలాంటి సిరలో చేరి కాలేయంలోకి వెళుతుంది. ఏళ్ల తరబడి తాగితే కాలేయానికి మొదట కొవ్వు పడుతుంది, తర్వాత వాపు వస్తుంది, ఆ తర్వాత మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాన్నే సిరోసిస్ అంటారు. కాలవకు అడ్డం పడితే నీరు ఊరుకుంటుందా? పక్క బోదెల్లోకి ఎక్కుతుంది. రక్తమూ అంతే. అన్నవాహిక అడుగున ఉండే సన్నని సిరల్లోకి ఎక్కి వాటిని ఉబ్బిస్తుంది. ఒకనాడు బోదె గట్టు తెగినట్టు అక్కడ గండి పడుతుంది. అదే నోట వచ్చే రక్తం. అది దగ్గుతో వచ్చేది కాదు, వాంతితో వచ్చేది. ఎర్రగా రావచ్చు, కాఫీ మడ్డిలా నల్లగానూ రావచ్చు. ఒక్కొక్కసారి వాంతే ఉండదు, విరేచనం తారులా నల్లగా అవుతుంది.

ఇది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. మంచినీళ్లు తాగించి పడుకోబెట్టేదీ కాదు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ నోటి గుండా సన్నని గొట్టం దించి, చిరిగిన సిరకు చిన్న రబ్బరు ఉంగరం బిగిస్తారు. దేవదాసు ఆఖరి ప్రయాణం పార్వతి గుమ్మానికి చేశాడు. కథకు అది తగిన చోటే. మన ఇంటి మనిషి మాత్రం ఆసుపత్రి గుమ్మం ఎక్కాలి.

అంతదాకా రాకముందే శరీరం హెచ్చరిస్తూ ఉంటుంది. కళ్లు పచ్చబడతాయి, కాళ్లు నీరు పడతాయి, పొట్ట పెరుగుతుంది, రాత్రి నిద్రపోనివాడు పగలు జోగుతాడు. కళ్లు పచ్చబడగానే మనవాళ్లు పసరు మందుకు పరుగెత్తుతారు. పసరు పోయించుకున్నవాళ్లలో చాలామందికి కామెర్లు తగ్గిన మాట నిజమే. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు దక్కుతుంది! తాగుడువల్ల వచ్చిన కామెర్లకు ఆ వెసులుబాటు లేదు. పసరు పేరుతో గడిచిన ప్రతి వారమూ నష్టమే.

తెలుగు మేష్టర్ని కనక ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. మన భాషలో 'మందు' అన్న మాటకున్నన్ని వేషాలు మరి దేనికీ లేవు. డాక్టరు ఇచ్చేదీ మందే, సారా దుకాణంలో పోసేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. అన్నంలో కలిపి మనిషిని వశం చేసుకుంటారని భయపడే 'మందు పెట్టడం' ఇంకొకటి. ఈ చివరిదాన్ని మన ఇళ్లలో ఇప్పటికీ చేస్తున్నారంటే నమ్ముతారా?

1948లో డెన్మార్కులో ఇద్దరు పరిశోధకులు డైసల్ఫిరామ్ అనే మందు గుణం బయటపెట్టారు. అది వేసుకున్నవాడు చుక్క తాగితే ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. ఆ భయంతో తాగుడు మానాలని దాని ఉద్దేశం. మంచి మందే. కాని అది తాను వేసుకుంటున్నానని రోగికి తెలియాలి, ముందుగా అతని కాలేయాన్నీ గుండెనూ డాక్టరు పరీక్షించాలి. మనవాళ్లు ఏంచేస్తారంటే, ఎవరో చెప్పారని బిళ్ల తెచ్చి పొడి చేసి సాంబారులో కలుపుతారు. పాపం, ఆ ఇల్లాలి కష్టం ఎలాంటిదో తెలియక అంటున్న మాట కాదు. కాని తెలియని మనిషి మామూలుగా సీసా ఎత్తితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. బతికి బయటపడ్డా, కంచంలో ఏం కలిపారో తెలిసిననాడు ఇంటి అన్నం మీద నమ్మకం పోతుంది.

ఇంకొందరు "నాలుగు రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే మానతాడు" అంటారు. ఇది మరీ ప్రమాదం. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు హఠాత్తుగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండో మూడో రోజున చేతులు వణికి, ఒళ్లు కాలి, లేని పురుగులు గోడమీద కనబడి, ఎదుటివాళ్లను గుర్తుపట్టలేని స్థితి రావచ్చు. దయ్యం పట్టిందనుకుంటారు. దయ్యమూ కాదు, నటనా కాదు. మెదడు మద్యానికి అలవాటుపడి అది లేక అల్లాడడం. సరైన వైద్యం లేకపోతే మనిషి దక్కకపోవచ్చు. ఆసుపత్రిలో ఐతే నిద్రకూ వణుకుకూ తగిన మందు ఇస్తారు, బి1 విటమిను ఎక్కిస్తారు. వారం పది రోజుల్లో చాలామంది తేరుకుంటారు. మాన్పించడం మంచిపనే, డాక్టరు కనుసన్నల్లో మాన్పించండి. కొవ్వు పట్టిన దశలోనే మానితే కాలేయం తిరిగి కోలుకుంటుంది. గట్టిపడ్డాక మానినా, మిగిలిన భాగమైనా దక్కుతుంది. ఏ దశలోనూ మానడం దండగ కాదు.

వైద్యం ఇంతగా పెరిగినా మన ఇళ్లలో ఆలస్యం ఎందుకవుతున్నదంటారు? నలుగురికీ తెలుస్తుందన్న భయంవల్ల. ఆ భయానికి సినీమా కూడా కొంత ఎరువు వేసింది. అదే అక్కినేనివారు 1981లో దాసరి నారాయణరావుగారి 'ప్రేమాభిషేకం'లో నటించారు. కథానాయకుడికి క్యాన్సరు. ఆ సంగతి ప్రియురాలికి చెప్పడు సరిగదా, ఆమె మనసు విరగాలని చెడ్డవాడిలా నటిస్తాడు. మన అమ్మలూ అక్కలూ కొంగులు తడుపుకుంటూ చూశారు. జబ్బు దాచడమే త్యాగమని మనం నేర్చుకున్న పాఠాల్లో అదొకటి.

అసలు అక్కినేనివారు ఏంచేశారో చూడండి. 1974లో అమెరికాలో గుండెకు ఆపరేషను చేయించుకుని, ఆ తర్వాత దశాబ్దాల తరబడి నటించారు. 2013 అక్టోబరులో తొంభయ్యో యేట తనకు క్యాన్సరు వచ్చిందని తెలిసినప్పుడు, పత్రికలవారిని పిలిచి ఆ మాట తానే చెప్పారు. 'మనం' సినీమా పని చేస్తూనే 2014 జనవరి 22న కన్నుమూశారు. తెరమీద రెండుసార్లు జబ్బుతో పోయిన కథానాయకుడు, తన ఇంట్లో ఆ రెండు వేషాల దారీ పట్టలేదు. మనం అనుకరించవలసింది ఏ అక్కినేనినో పాఠకులే చెప్పాలి.

ఇక పానీయాల సంగతి. దేవదాసు కుక్కను పక్కన పెట్టుకుని పాడే పాట గుర్తుంది కదూ? ఆ మత్తు కళ్ల రహస్యం సీసాలో లేదట. కడుపునిండా పెరుగన్నం తిని, రాత్రిపూట షూటింగు చేస్తే రెప్పలు వాటంతటవే బరువెక్కాయని సినీమావారు చెప్పుకుంటారు. తెలుగుదేశాన్ని ఏడిపించిన తాగుబోతు తిన్నది పెరుగన్నమన్నమాట! కనక ఈ వారం మొదటి పానీయం మజ్జిగ. గ్లాసెడు కమ్మటి పెరుగుకు మూడు గ్లాసుల నీళ్లు పోసి చిలకండి. రెండు దబ్బాకులు చేత్తో నలిపి వేసి, దంచిన అల్లం ముక్క, చీరిన పచ్చిమిరపకాయ, కరివేపాకు రెబ్బ, తగినంత ఉప్పు కలిపి, గంటసేపు ఊరనిచ్చి వడగట్టండి. పొట్టలో నీరు చేరినవారికి ఇచ్చేటప్పుడు మాత్రం ఉప్పు వెయ్యకండి, ఉప్పు ఆ నీటిని పెంచుతుంది.

'ప్రేమాభిషేకం'కు పానకం. గ్లాసెడు నీళ్లకు రెండు చెంచాల బెల్లం తురుము, చిటికెడు మిరియాలపొడి, రెండు యాలకులు. చక్కెర జబ్బువారు దీని జోలికి పోవద్దు. మంగళగిరి పానకాలస్వామి బిందెడు పోసినా సగమే పుచ్చుకుని సగం భక్తుడికి తిరిగి ఇస్తాడని ప్రతీతి. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బని తెలిసిన రోజున ఆ లెక్క గుర్తు చేసుకోండి. ఎవరూ మొత్తం ఒక్కరే మింగనక్కరలేదు.

వచ్చే వారం 'పున్నమి నాగు'. పాముకాటుకు నోటితో విషం పీల్చే కథానాయకుల సంగతి తేలుద్దాం. పానీయం మాత్రం పాలు కాదు లెండి, పాము వాటిని తాగదు!