ఖాళీ ఉంటే ఖాళీ అనే చెప్పాలి

మన ఇళ్లలో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు చాలామంది ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటున్నారు. వాళ్లకు మొదట్లోనే అలవాటయ్యే ఒక చిన్న మాట మీద నాకు పెద్ద షికాయత్ ఉంది. ఆ మాట ‘పాస్’.

కోడింగ్ తెలియని అమ్మీ, అబ్బాలకు కూడా అర్థమయ్యే సంగతే ఇది. ప్రోగ్రామ్‌ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కో పనికి ఒక పేరు పెట్టి, ఆ పని ఎలా చేయాలో కింద రాస్తారు. పేరు పెట్టి కింద ఏమీ రాయకపోతే పైథాన్ ఒప్పుకోదు. ప్రోగ్రామ్ మొదలే కాదు. ‘ఇది తర్వాత రాయాలి’ అని కామెంట్ పెట్టినా కుదరదు, దాన్ని యంత్రం చదవదు. అందుకని పిల్లలు అక్కడ ‘పాస్’ అని రాసి ముందుకెళ్తారు. అంటే ‘ఇక్కడ ఏమీ చేయకు’ అని హుకుం. మూడు చుక్కలు పెట్టినా అదే నతీజా.

ఇందులో ఖతరా ఏముంది? ఒక మిసాల్ చూద్దాం. బేటా తన అబ్బా కిరాణా దుకాణానికి ఉద్దెర ఖాతా ప్రోగ్రామ్ రాశాడనుకుందాం. సరుకు రాసుకునే పని పూర్తయింది. పైసలు జమ చేసుకునే పని దగ్గర ‘పాస్’ పెట్టి వదిలేశాడు. 2,000 రూపాయల బాకీ ఉన్న గిరాకీ వచ్చి 500 కట్టాడు. మీట నొక్కితే తెర మీద ‘జమ అయింది, షుక్రియా’ అని వచ్చింది. బాకీ మాత్రం 2,000 అలాగే ఉంది. ఎర్రర్ లేదు, చప్పుడు లేదు. నెలాఖరుకి గిరాకీ ‘కట్టాను’ అంటాడు, అబ్బా ‘ఖాతాలో లేదు’ అంటాడు. ఇద్దరూ సచ్చాలే, ఇద్దరి ఇజ్జత్తూ పాయె.

అదే చోట ‘రైజ్ నాట్‌ఇంప్లిమెంటెడ్‌ఎర్రర్’ అని ఒక్క వరుస రాసి ఉంటే, మీట నొక్కగానే ‘ఈ పని ఇంకా రాయలేదు’ అని ప్రోగ్రామ్ ఆగిపోయేది. మొదటి రోజే, ఇంట్లో పరీక్షించేటప్పుడే బయటపడేది.

తమాషా చూడండి. పైథాన్‌లో ఖామోష్‌గా ఉండే ఆ మూడు చుక్కలే పర్ల్ భాషలో 2010లో వచ్చిన 5.12 నుంచి కేక పెడతాయి. అక్కడికి చేరగానే ‘రాయలేదు’ అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. కోట్లిన్‌లో, రస్ట్‌లో ‘టూడూ’ అనే మాట ఇదే పని చేస్తుంది. స్కాలాలో మూడు ప్రశ్నార్థకాలు పెడితే చాలు. ఖాళీ చోటు తన సంగతి తానే చెప్పుకోవాలని ఇవన్నీ తయారు చేసిన వాళ్లు అనుకున్నారన్నమాట.

‘అలా ఆగిపోతే మిగతా ప్రోగ్రామ్ ఎలా నడిపి చూసుకోవాలి?’ అని పిల్లలు అడుగుతారు. వాజిబ్ సవాలే. కానీ ఆ ఎర్రర్ ఊరికే రాదు, ఆ పనిని పిలిచినప్పుడే వస్తుంది. సరుకు రాసుకునే భాగం హాయిగా నడుస్తూనే ఉంటుంది.

‘పాస్’ని పూర్తిగా మానేయమని నేను అనను. నిజంగానే చేయాల్సింది ఏమీ లేని చోట అది సరైన మాట. పేరు మాత్రమే కావలసిన కొత్త ఎర్రర్ రకాన్ని తయారు చేసుకున్నప్పుడు కింద ‘పాస్’ రాస్తే పని ముకమ్మల్ అయినట్టే. ‘ఏమీ అక్కర్లేదు’ వేరు, ‘ఇంకా చేయలేదు’ వేరు. రెండింటికీ ఒకే మాట వాడితే, ఆర్నెల్ల తర్వాత ఆ కోడ్ చదివేవాళ్లకి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? రాసినవాడికే గుర్తుండదు.

మా పత్రికల్లోనూ ఈ బాధ ఉంది. వార్త రాని జాగాలో డమ్మీ పెడతాం. ఆ డమ్మీ అసలు వార్తలా ఎంత బాగా కనిపిస్తే అంత ఖతర్నాక్, అలాగే అచ్చయిపోతుంది.

ఉర్దూలో ‘పాస్’ అంటే దగ్గర అని ఒక అర్థం, లిహాజ్ అని ఇంకో అర్థం. ‘వాదే కా పాస్’ అంటాం, ఇచ్చిన మాటను నిలుపుకోవడం. ఒక పనికి పేరు పెట్టడం కూడా వాదానే. పూర్తి చేయలేదంటే ఐబ్ కాదు. పూర్తయినట్టు కనిపించేలా వదిలేయడం ధోకా.

అందుకే పిల్లలు ప్రోగ్రామ్ చూపించినప్పుడు ‘నడుస్తుందా బేటా?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఇంకా ఏం రాయాల్సి ఉంది? అది నీ ప్రోగ్రామ్ చెబుతుందా, నువ్వు చెప్పాలా?’ అని కూడా అడగండి.