మానలేకపోతున్నవారికి మనం ఏమవుతాం?

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట తాగే మామ్మలు మనకు కొత్త కాదు. దీన్నే అడ్డపొగ అంటాం. నాటి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, ఈ అలవాటు అంగిలికి చేసే కీడును వివరించిన వైద్య అధ్యయనం 1971లోనే వెలువడింది. యాభై ఏళ్లు దాటినా ఆ పొగ ఇంకా ఆరలేదు. కీడని తెలిసీ ఎందుకు మానలేకపోతున్నారు?

పొగాకులోని నికోటిన్ మెదడుకు చేరితే డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. 'ఇది బాగుంది, మళ్లీ చెయ్యి' అని మెదడుకు నేర్పేది అదే. ఆకలికి అన్నం, బిడ్డకు తల్లి ఒడి ప్రీతికరం కావాలని దేవుడు మనలో పెట్టిన ఏర్పాటది. చుట్ట ఆ ఇంట్లోకి దొడ్డిదారిన దూరుతుంది. రోజూ తాగేకొద్దీ మెదడు దానికి తగ్గట్టు మారిపోతుంది. మొదట హాయి కోసం తాగినవారు చివరకు చిరాకు, ఆరాటం అణచుకోవడానికి తాగుతారు.

మద్యానిదీ, సెల్‌ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలదీ ఇదే దారి. ఆ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. మన రాష్ట్రంలో 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లోనే సడలిపోయింది. చట్టం కొట్టు మూయించగలదు. అలవాటుపడిన మెదడును మాత్రం రాత్రికి రాత్రి మార్చలేదు.

'నిజమైన విశ్వాసముంటే మానేసేవాడే' అని మన సంఘాల్లో తేలిగ్గా అనేస్తాం. ఆ మాట పడినవారు అలవాటు మానరు, దాచుకుంటారు. ముందు ప్రభువు బల్లకు, తర్వాత ఆరాధనకే దూరమవుతారు. తనకిష్టం లేనిదే తన చేత జరుగుతోందని రోమా పత్రిక 7వ అధ్యాయంలో పౌలు మొరపెట్టాడు. ఆయన విశ్వాసాన్ని శంకిస్తామా? అలాగని తప్పును ఒప్పని చెప్పడం లేదు. మారుమనస్సు ఒక్క గడియలో కలగవచ్చు, మెదడు కోలుకోవడానికి మాత్రం కాలం పడుతుంది.

కోలుకోవడం సాధ్యమే. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిపై జరిపిన అధ్యయనం 1986లో ప్రచురితమైంది. మనిషిని కలిసి, ఓపికగా నచ్చచెప్పినచోట మానినవారు ఎక్కువని తేలింది.

ఆ పని మన సంఘం చేయలేదా? మానిన తొలి వారమే గడ్డుకాలం. ఆ వారం రోజూ ఒకరు వెళ్లి పలకరించి ప్రార్థిద్దాం. నోటిని వైద్యునికి చూపిద్దాం. పొగాకు మానడానికి 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బాగా తాగుడుకు బానిసైనవారు హఠాత్తుగా మానితే ప్రాణానికే ముప్పు, కనుక వైద్యుని సలహాతోనే మాన్పించాలి. ఒకరి భారాలు ఒకరు మోయడమంటే ఇదే కదా!