పాత పికప్ కొన్నోడు పిచ్చోడా?

"2013 మోడల్ బండికి మూడు లక్షల పదివేలు పెట్టాడంట. అదే డబ్బు డౌన్ పేమెంట్ కడితే కొత్త బండి పసుపు కుంకుమలతో ఇంటి ముందు నిలబడేది కదా. మన రైతులకు లెక్క రాదు బాబాయ్."

మొన్న చిలకలూరిపేటలో టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు అన్న మాట ఇది. బండ్ల షోరూమ్‌లో పని చేస్తాడు. మంచోడే, మాట కూడా మర్యాదగానే అన్నాడు. అతనికి తెలియనిది ఏందంటే, ఆ బండి అమ్మింది నేనే. కొన్నాయన మా పక్క ఊరి కౌలు రైతు. ఆయనకు లెక్క రాదంటే నేను ఒప్పుకోను. టీ తాగే అయిదు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి అక్కడ నోరు మూసుకుని వచ్చి ఇక్కడ రాస్తున్నా. కాస్త ఓపికగా చదవండి.

ముందు నా లెక్క. 2019 జూన్‌లో ఆ బొలెరో పికప్‌ను 3 లక్షల 60 వేలకు కొన్నా. 2025 మార్చిలో 3 లక్షల 10 వేలకు అమ్మా. అంటే పోయింది 50 వేలు. మధ్యలో ఇంజన్ బోర్‌కొచ్చింది, క్లచ్ మార్చా, కమాన్ కట్టలు రెండుసార్లు విప్పించా, టైర్లు వేయించా. అన్నీ కలిపి లక్షా నలభై. మొత్తం లక్షా తొంభై వేలు. దాదాపు ఆరేళ్ళు బండి నడిపినందుకు డీజిల్, పేపర్లు కాక నాకు పడింది అంతే.

ఇప్పుడు ఆ కుర్రాడి లెక్క. పది లక్షల బండికి మూడు లక్షలు కట్టి, మిగతా ఏడు లక్షలు అయిదేళ్ళ ఫైనాన్స్ పెడితే, 11 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు 15 వేల పైన కిస్తీ. ఏడాదికి లక్షా ఎనభై రెండు వేలు. నాకు ఆరేళ్ళకు పడింది ఆయనకు ఒక్క ఏడాదికి పడుద్ది. "చివరికి బండి మిగులుద్ది కదా" అంటారు. మిగులుద్ది, అరవై కిస్తీలు ఆపకుండా కట్టగలిగితే. మిరపకాయ ఏడాదికి ఒక్కసారి వచ్చుద్ది. పత్తి రెండు మూడు తీతలు. కిస్తీ మాత్రం ప్రతి నెలా అయిదో తారీఖున వచ్చుద్ది. ట్రాక్టర్ అప్పుకైతే ఆరు నెలలకోసారి కట్టే పద్ధతి ఉంది. అదే కల్లంలోకి వచ్చే పికప్‌కు లేదు, అది రవాణా బండి కింద లెక్క. మన టిక్కీలు మోసినా, ఊరోళ్ళ సిమెంటు మోసినా వాళ్ళకు ఒకటే.

ఇక అసలు విషయం. పాత పికప్‌కు ధర ఎందుకు పడిపోదు?

"కంపెనీ గొప్పదనం" అని చాలామంది రాస్తుంటారు. కొంత నిజమే. 2523 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, కింద నిచ్చెన లాంటి ఛాసిస్, వెనక కమాన్ కట్టలు. నల్లరేగడి డొంకలో జూలై వాన పడ్డాక దిగిన వాళ్ళకు ఈ మాటల విలువ తెలుసు. 2005లో టాటా ఏస్ వచ్చింది, రెండు సిలిండర్ల బుల్లి బండి. ఊళ్ళో సందుల్లో దానికి తిరుగు లేదు. 2011లో దోస్త్ వచ్చింది. అంతకు ముందు 1986 నుంచీ 407 ఉంది. ఏదీ చెడ్డ బండి కాదు. కానీ కంపెనీ గొప్పదనం ఒక్కటే అయితే, ఆ గొప్ప కంపెనీల బండ్లన్నిటికీ ఇదే ధర నిలవాలి కదా. నిలవదు. అదే కంపెనీ, అదే ఏడాది బండ్లు, ఒక మోడల్‌కు బేరం క్షణంలో తెగుద్ది, ఇంకో మోడల్ మూడు నెలలు చెట్టు కింద ఉంటది.

తేడా మెకానిక్ దగ్గర ఉంది. మా వైపు 90ల్లో ఊళ్ళ మధ్య తిరిగినవి కమాండర్ జీపులు. లోపల పది మంది, పైన అయిదుగురు, మీకు గుర్తుండే ఉంటది. ఆ జీపుల మీద చెయ్యి తిరిగిన వాళ్ళే తర్వాత పికప్‌లు పట్టారు. వాళ్ళ దగ్గర పానాలు అందించిన కుర్రాళ్ళు ఇవ్వాళ నరసరావుపేటలో, అద్దంకిలో, దర్శిలో సొంత షెడ్లు పెట్టుకున్నారు. పట్టీ విరిగితే ఊళ్ళో దొరుకుద్ది. పంపు పోతే గుంటూరు ఆటోనగర్‌లో విప్పి బిగించి సాయంత్రానికి ఇస్తారు. సామాను కంపెనీది ఉంటది, దానికి సగం ధరలో బయటిదీ ఉంటది, ఇంకా తక్కువకు పాత బండి నుంచి విప్పిందీ ఉంటది. నీ జేబును బట్టి ఎంచుకో. ఈ మూడు రకాలూ దొరికే బండికే ధర నిలుస్తది. అంటే ఆ ధరలో కంపెనీ వాటా కొంతే, మిగతాది మన మెకానిక్కులు ముప్ఫై ఏళ్ళు గ్రీజులో మునిగి సంపాదించి పెట్టింది.

కొత్త బండ్ల సంగతి చూడండి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. పొగ తగ్గాలన్నది ఉద్దేశం. ఆ విషయంలో వాళ్ళ మాటే కరెక్టు, పాత బండి వెనక బైకు మీద వెళ్ళే వాడి ఊపిరితిత్తులు నాకూ ఉన్నాయి. కానీ ఇప్పటి డీజిల్ బండిలో సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కొంతసేపు ఒకే జోరున పోవాలి. హైవే మీద పోయే వాడికి ఏ ఇబ్బందీ లేదు. మన పని ఏంటి? చేను నుంచి కల్లానికి, కల్లం నుంచి ఇంటికి, రెండో గేరులో రెండు కిలోమీటర్లు. ఫిల్టర్ నిండుద్ది, దీపం వెలుగుద్ది, బండి జోరు చచ్చిపోద్ది.

మా బంధువు ఒకాయన కొత్త బండి, ఏ కంపెనీదో చెప్పను, ఫిబ్రవరి సీజన్లో 30 టిక్కీలతో మిర్చి యార్డుకు పోతూ దారిలో ఆగింది. సర్వీసు వాళ్ళకు ఫోన్ చేస్తే "లాప్‌టాప్ పెట్టి చూడాలి, ఎల్లుండి" అన్నారు. పక్కనే మెకానిక్ ఉన్నాడు, ఇరవై ఏళ్ళ అనుభవం. బానెట్ ఎత్తి చూసి మూసేశాడు. "అన్నా, నాకు చేతకాక కాదు, దాంతో మాట్లాడే మిషన్ నా దగ్గర లేదు" అన్నాడు. చివరికి ఆ టిక్కీలు యార్డుకు చేర్చింది పదేళ్ళు దాటిన ఇంకో పాత పికప్పే. రెండు కూలీలు, రెండు కిరాయిలు.

పాత బండికి అంత ధర ఎందుకు అని అడిగేవాళ్ళు ఆ రోజు అక్కడ ఉండాల్సింది.

రెండో కారణం డబ్బు. ఇది ఇంకా పెద్దది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన కాయ 2025 ఫిబ్రవరికి ఎంతకొచ్చిందో మీకు గుర్తు చెయ్యక్కర్లేదు. కేంద్రం జోక్యం చేసుకుని ప్రకటించిన ధరే 11,781. రెండేళ్ళలో పంట విలువ దాదాపు సగం అయింది. నా పికప్ ఆరేళ్ళలో 50 వేలు తగ్గింది. ఇప్పుడు చెప్పండి, మన దగ్గర నిలకడైన ఆస్తి ఏది?

పొలం అమ్ముదామంటే నెలలు పడుద్ది, అమ్మితే మళ్ళీ కొనలేం. కోల్డ్ స్టోరేజీలో కాయ పెడితే దాని మీద అప్పు, అద్దె పెరుగుతుంటాయి. ఆడవాళ్ళ మెడలో బంగారం అప్పటికే బ్యాంకులో ఉంటది. ఆ మార్చిలో పురుగుమందుల షాపు బాకీ, కోత కూలీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు నేను ఒక్క ఫోన్ చేస్తే ముగ్గురు వచ్చి బండి చూసుకున్నారు. మూడో రోజుకు డబ్బు చేతిలో ఉంది. ఏ ఆఫీసు చుట్టూ తిరగలేదు. మన ప్రాంతంలో పాత పికప్ అంటే చక్రాల మీద తిరిగే ఫిక్స్‌డ్ డిపాజిట్.

కొన్నాయన వైపు నుంచి కూడా చూడండి. ఆరెకరాలు కౌలు. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది, కార్డు ఇస్తామన్నారు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఎంతమంది పెడతారో కౌలు చేసిన ప్రతి వాడికీ తెలుసు. పేరు మీద సెంటు భూమి లేదు, ఆదాయం కాగితం లేదు. కొత్త బండికి ఫైనాన్స్ ఇచ్చేవాడు ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇస్తాడేమో గానీ తక్కువ వడ్డీకి అప్పు ఇవ్వడు. అందుకని సొంతంగా కొంత, బావమరిది దగ్గర కొంత తెచ్చి చేతి డబ్బుతో పాత బండి కొన్నాడు. కారు లైసెన్సుతోనే నడుపుకోవచ్చు. 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్ఎంవీ లైసెన్స్ చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చి చెప్పింది కూడా. అప్పు దొరకని వాళ్ళందరూ ఒకే బండి కోసం వస్తే ధర ఎందుకు తగ్గుద్ది?

2025 సెప్టెంబర్ 22న సరుకు రవాణా బండ్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. మంచిదే. కొత్తవి చవకయ్యాయి కాబట్టి పాతవి కుప్పకూలతాయని కొందరు బ్రోకర్లు మా వైపు పది రోజులు భయపెట్టి తక్కువకు అడిగారు. పన్ను తగ్గినంత మాత్రాన కౌలు రైతుకు ఫైనాన్స్ పుట్టదు, ఫిల్టర్ దీపం ఆరదు.

"15 ఏళ్ళు దాటితే తుక్కే" అని ఇంకో పుకారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అట్టా రిజిస్ట్రేషన్ పోయింది ప్రభుత్వ బండ్లకు. ఢిల్లీలో పదేళ్ళ డీజిల్ బండ్ల గొడవ ఢిల్లీ చుట్టుపక్కల వరకే. మన రవాణా బండికి కావాల్సింది ఎఫ్‌సీ. ఎనిమిదేళ్ళు దాటాక ఏటా చేయించాలి. 15 దాటిన వాటి ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. పుకారు విని పాతిక వేలు తగ్గించి అమ్ముకోకండి.

ఇక్కడ ఒక మాట నా మీద నేనే చెప్పుకోవాలి. పాత బండిని వెనకేసుకొస్తున్నాను గానీ, బ్రేకు లేని బండిని కాదు. ఒక సీజన్ అంతా అరిగిన లైనర్లతో నడిపాను, కాయ కోతకు వచ్చే ఆడకూలీలను వెనక ఎక్కించుకుని. డబ్బు చేతికి రాలేదు, వచ్చే నెల చూద్దాం అనుకున్నా. ఏమీ జరగలేదు కాబట్టి ఇవ్వాళ రాయగలుగుతున్నా. మిర్చి కోతలకు వెళ్ళే కూలీల బండ్లు బోల్తా పడ్డ వార్తలు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. సరుకు బండిలో మనిషిని ఎక్కించడమే తప్పు. నేను చేశాను, తప్పే. పాత బండి కొనేవాళ్ళు రంగు చూడటం మానేసి ముందు చక్రం విప్పించి డ్రమ్ము చూడండి.

అమ్మేవాళ్ళు కూడా. డబ్బు రాగానే తాళం ఇచ్చి వచ్చేయొద్దు. ఆర్‌సీ పేరు మారేదాకా ప్రమాదం జరిగితే నష్టపరిహారం రిజిస్టర్ అయిన ఓనరు మీదే పడుద్దని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మూడు చేతులు మారినా సరే, కాగితం మీద పేరు మీదైతే మీరే. నేను కొన్నాయన్ని వెంట తీసుకెళ్ళి మరీ పేరు మార్పించాను, ఆయనకు అదేదో చాదస్తంలా అనిపించింది.

కాబట్టి ఆ కుర్రాడికీ, అతని వెనక ఉన్న పెద్దలకూ నేను అడిగేది ఇదే. పాత బండ్లు రోడ్డు మీద నుంచి పోవాలా? పోనివ్వండి. కొత్త బండితో మాట్లాడే మిషన్ మా ఊరి మెకానిక్ కొనుక్కోగలిగే ధరకు ఇవ్వండి, వాడటం నేర్పండి. కిస్తీ మా కల్లం లెక్కన పెట్టండి. యజమాని సంతకం లేని కౌలు రైతును కూడా మనిషిగా లెక్కేసి అప్పు ఇవ్వండి. ఇవేవీ చెయ్యకుండా "లెక్క రాదు" అంటే ఎట్టా? మాకు వచ్చిన లెక్క అదొక్కటే కదయ్యా.

మొన్న ఆ కౌలు రైతు యార్డు గేటు దగ్గర కనిపించాడు. లోడు దించి తిరిగి పోతున్నాడు. బ్రేకులు ఎట్టా ఉన్నాయి అని అడిగితే, దీపావళికి కొత్తవి వేయించానన్నాడు. ఎవరో 3 లక్షల 5 వేలకు అడిగారంట. కాయ అంతా అమ్ముడుపోయేదాకా ఇవ్వనని చెప్పాడంట.