అదరెడు బల్ల: కంపవాతమునకు మందు కాదు

మన పెద్దలు కంపవాతమనియు, నేటి వైద్యులు పార్కిన్‌సన్ వ్యాధియనియు పిలుచు రోగము గలవానిని అదరెడు బల్లపై నిలువబెట్టి, మడమలనుండి నడినెత్తివఱకు దేహమంతయు కదలునట్లు కొన్ని నిమిషములు యంత్రమును నడపినచో, చేతి వణకు తగ్గును, బిగిసిన కండరములు సడలును, అడుగు తేలికపడునను విశ్వాసము నేడు వ్యాయామశాలలలోను, యంత్రవిక్రేతల ప్రకటనలలోను, ఫోనులలో చేతులు మారు వీడియోలలోను వేళ్ళూనుకొన్నది. ముల్లును ముల్లుతోనే తీయవలెనను లోకోక్తి తోడుపడుటచేత, వినినవారికిది సహజముగనే తోచును. ఈ విశ్వాసము రోగికి మేలు చేయకపోవుటయే గాక, అతనికి మొట్టమొదట దక్కవలసినదానిని వెనుకకు నెట్టుచున్నదని నా దృఢాభిప్రాయము.

దీనిని సమర్థించువారు ముందుగా షార్కో పేరు చెప్పుదురు. పారిస్ నగరములోని సాల్పెట్రియేర్ వైద్యశాలకు కీర్తి తెచ్చిన ఆ మహావైద్యుడు, రైలులోనో గుఱ్ఱపుబండిలోనో దూరప్రయాణము చేసివచ్చిన రోగులు తమ బాధ తగ్గినదని చెప్పుట గమనించి, అదరెడు కుర్చీ నొకదానిని చేయించి, 1892లో దానినిగూర్చి ఉపన్యసించిన మాట నిజమే. కాని మఱుసటి యేడే ఆయన కాలధర్మము నొందెను. నడిమెదడులో డోపమీనును పుట్టించు కణములు నశించుటయే ఈ రోగమునకు మూలమని ఆయన కాలమున నెవ్వరికిని తెలియదు. అట్టి మహానుభావుని తొలి ఊహను సిద్ధాంతమని చెప్పి అమ్ముట ఆయనను గౌరవించుట కాదు.

2006లో జర్మను పరిశోధకులు 68 మంది రోగులను పరీక్షించి, బల్లపై నిమిషము చొప్పున అయిదు విడతలు నిలిచినవారి చలనలక్షణములు సగటున 16.8 శాతము మెఱుగుపడినవని ప్రకటించిరి. అయితే పోలికకై ఏర్పఱచిన జట్టువారు ఆ పోలిక జరిగిన వేళ యంత్రమును ఎక్కలేదు. తమకు చికిత్స జరుగుచున్నదని నమ్ముటకు వారికి హేతువే లేదు. ఆ పరీక్ష యొక్క బలహీనత యంతయు అచటనే యున్నది. 2009లో స్పెయిన్ దేశీయులు బూటకపు చికిత్స పొందిన జట్టును ప్రక్కన నిలిపి చూడగా ఉభయులును మెఱుగుపడిరి. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయమువారు షార్కో కుర్చీనే మరల పరీక్షకు పెట్టి, 2012లో ఫలితములు ప్రకటించిరి: 23 మంది రోగులలో కొందఱు దినమున కరగంట చొప్పున నెల దినములు అదరెడు కుర్చీలో కూర్చుండగా, తక్కినవారు అదరు లేని కుర్చీలో ప్రకృతిధ్వనులు వినుచు విశ్రమించిరి, ఇరుజట్ల ఉపశమనమునకును భేదము కానరాలేదు.

అట్లయినచో ఆ రోగులు అబద్ధమాడిరా? ఎంతమాత్రమును కాదు. 2001లో వాంకూవరు పరిశోధకులు, మందో ఉప్పునీరో తెలియనీయక, కంపవాతరోగులకు ఉప్పునీటిసూది నిచ్చి మెదడును చిత్రించి చూడగా, మేలు కలుగునను ఆశ పుట్టినంతనే ఆ మెదడు డోపమీనును వెలువరించుట కనబడెను. ఏ రసము కొఱవడి రోగము పుట్టినదో ఆ రసమునే ఆశ వెలికిదీయుచున్నది; కావుననే ఈ రోగమున బూటకపు చికిత్స సైతము నిజమైనదానివలె పనిచేసినట్లు తోచును. తేలికపడినదని రోగి చెప్పుట సత్యము; ఆ తేలికను యంత్రమునకు జమకట్టుట అసత్యము.

హాని లేదుగదా యని కొందఱందురు. నిలుచున్నచోటనే తూలువానిని, ఎముకలు పెళుసుబాఱిన వృద్ధురాలిని, మెదడులో విద్యుత్తంతులు అమర్చుకొన్నవారిని వైద్యు నడుగక అట్టి బల్ల యెక్కించుట ప్రమాదము. అంతకంటె పెద్ద హాని వేఱొకటి కలదు. అది ఛత్తీస్‌గఢ్ పల్లెయైన కిష్టారము వంటి చోటునుండి చూచినవారికి విస్పష్టమగును.

సుక్మా జిల్లా కుంట తహసీలులోని ఆ సరిహద్దు సీమవారు జబ్బు ముదిరినచో అడవిదారిని చర్లకును, అచటినుండి భద్రాచలమునకును రావలసినవారు. కిష్టారమునుండి పలోడికి పోవు త్రోవలోనే 2018 మార్చి 13న మందుపాతర ప్రేలి తొమ్మండుగురు సి.ఆర్.పి.ఎఫ్. జవానులు బలియైరి. ఏండ్లతరబడి హింస నలిపిన అట్టి చోట, పాదములీడ్చుచు నడచు తండ్రిని, నవ్వు ముఖమున పలుకని తల్లిని చూచి, ముసలితనమని సరిపెట్టుకొను ఇంటివారికి ప్రథమావసరము డోపమీను కొఱతను తీర్చు లెవోడోపా మాత్ర. దాని ప్రభావము కొన్ని గంటలే నిలుచును గనుక దినమునకు మూడు నాలుగు మార్లు వేళ తప్పక వేయవలెను. చిరకాలము వాడుచున్న రోగికి హఠాత్తుగా అది అందకపోయినచో తీవ్రజ్వరమును, దేహము కొయ్యబాఱుటయు కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. యంత్రముపై వెచ్చించిన ప్రతి రూపాయియు ఈ మాత్రకు దక్కని రూపాయియే.

ఆ మందు మనకు పరాయిదియు కాదు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయనశాలలో దామోదరన్, రామస్వామి అనువారు దూలగొండి గింజలనుండి ఈ పదార్థమును వేఱుపఱిచిరి. మానవుల చికిత్సలో దాని సామర్థ్యము 1960 దశకమున లోకమునకు వెల్లడియయ్యెను. అడవిగింజలోని మోతాదు నిలుకడ లేనిది గనుక మాత్రయే మేలు.

మాత్రకు తోడుగా శరీరమునకు శిక్షణ కావలెనన్నచో, అడుగునకు తాళము నేర్పుడు. లయబద్ధమైన ధ్వనితో నడక యభ్యసించినవారి వేగమును, అంగ పొడవును, తాళము లేక తమంత తాము అభ్యసించినవారికంటె హెచ్చుగా పెరిగినవని 1996లో మైకేల్ థాట్ బృందము చూపినది. కిష్టారపు సీమలోని కోయపల్లెలలో డోలు ఉన్నది, దానికి అడుగు కలుపు అలవాటును ఉన్నది. గడపకడ అడుగు పడక నిలిచిపోవువారికి నేలపై ముగ్గుపిండితో అడ్డగీతలు గీసినచో, వానిని దాటుచు నడక సాగించుట పెక్కుమందికి సాధ్యమగును. వీనికి విద్యుత్తుతో పని లేదు.

ఛత్తీస్‌గఢ్ పల్లెలలో మితానినులనబడు ఆరోగ్యకార్యకర్తలు కలరు. అడుగు కుఱుచయగుట, ఒక చేయి ఊపు లేక వ్రేలాడుట, వ్రాత చిన్నదగుట వంటి తొలి గుఱుతులను వారికి నేర్పి, అనుమానితుని ఒక్కమాఱు వైద్యునికి చూపించి, రోగము నిర్ధారితమైన పిమ్మట మాత్రలను వారి చేతనే ఇంటికి చేర్పించుట జిల్లా వైద్యాధికారులకు అసాధ్యము కాదు. వానలకు వాగులు పొంగి దారులు తెగకమునుపే మూడు నెలలకు సరిపడు మాత్రలు కిష్టారము చేరవలెను.